శంకర భగవత్పాదులు – జ్ఞానాధికారము

అద్వైతమతాచార్యులని లోకము కొనియాడు శ్రీ శంకర భగవత్పాదులు కేరళదేశమున, పూర్ణానదీతీరమందలి కాలడి గ్రామమున, శివగురువు, ఆర్యాంబ యను దంపతులకు జన్మించిరని ప్రసిద్ధి. వారి కాలము 788–820 అని పలువురు వ్రాసియున్నారు. ఎనిమిదవ శతాబ్ది పూర్వార్ధమని నేటి చారిత్రకులలో పెక్కురి మతము. శంకరవిజయములు వారికి శతాబ్దుల పిమ్మట బుట్టిన గ్రంథములు. కావున బాల్యసన్న్యాసమును, నర్మదాతీరమున గురుశుశ్రూషయు, ముప్పదిరెండవ యేట నిర్యాణమును సంప్రదాయకథలుగా గ్రహింపవలయును. సంశయములేని యాధారము వారి బ్రహ్మసూత్రభాష్యము.

బ్రహ్మమొక్కటియే పరమార్థమనియు, జీవుడు దానికి వేఱుగాడనియు, మసకచీకటిలో త్రాడు పామై తోచునట్లు భేదము అవిద్యవలన దోచుననియు, ఆ భ్రాంతి కర్మముచే గాక జ్ఞానముచేతనే తొలగుననియు వారి సిద్ధాంతము.

భేదమే భ్రాంతియైనచో జ్ఞానమునకు అధికారభేదమేల యని మనవంటివారికి సందేహము కలుగుట సహజము. అపశూద్రాధికరణ భాష్యమున ఆచార్యులు శూద్రునకు వేదాధ్యయనపూర్వకమైన అధికారము లేదనిరి. దీనిని దాచుట మాకు సమ్మతము గాదు. అయినను అచ్చటనే విదురుని, ధర్మవ్యాధుని స్మరించి, పూర్వసంస్కారమున జ్ఞానము గలిగినవారికి తత్ఫలము నాపరాదనియు, ఇతిహాసపురాణముల మూలమున నాలుగు వర్ణములకు నధికారము గలదనియు నొప్పుకొనిరి. కాశీవీథిలో నెదురైన చండాలుని తొలగుమనగా, తొలగవలసినది దేహమా, ఆత్మయా యని యతడడిగెననియు, అట్టి జ్ఞాని యెవడైనను తమకు గురువేయని యాచార్యులు పలికిరనియు మనీషాపంచకమును గూర్చిన కథ. భాష్యము సగము తెఱచిన తలుపును కథ పూర్తిగా తెఱచినది.

మేము బాల్యమున సంస్కృతము నభ్యసించునపుడు ఒక పండితులు మాకు కావ్యములన్నియు ప్రేమతో జెప్పి, ఉపనిషత్తుల నడుగగానే పుస్తకము మూసిరి. వారిపై మాకు కోపము లేదు. ఆ మూసిన పుస్తకమును మాత్రము మఱువజాలకున్నాము.

పూర్ణానదికే పెరియారని పేరు. అవర్ణులని త్రోయబడిన ఈళవకులమున జనించి, 1888లో అరువిప్పురమున శివప్రతిష్ఠ గావించిన శ్రీ నారాయణగురువు, 1913లో ఆ నదియొడ్డుననే ఆలువాయందు అద్వైతాశ్రమమును నెలకొల్పి, అద్వైతమును కులభేదనిరాకరణమునకు ప్రమాణముగా జూపెను. కాలడిలో బుట్టిన తత్త్వమున కది సహజమైన ఫలమని మా యభిప్రాయము.

కావున సంఘసోదరులకును, పోషకులకును మా విన్నప మొక్కటి. మన సంఘము విద్యార్థులకొఱకు సంస్కృతపాఠశాల నేర్పఱచునేని, దానియందు ఏ కులపు బాలబాలికలకును ప్రవేశము నిరాకరింపకుందుము గాక. మనకు మూయబడిన తలుపును మనము వేఱొకరికి మూయుట తగదు.