ఊట

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దగ్గర పెన్న ఎండినప్పుడు ఇసుకలో చెలమ తోడితే వచ్చేది ఊట. పులివెందుల చీనీతోట రైతు బావిలోకి తొంగిచూసి ‘ఊట తగ్గింది’ అన్నాడంటే ఆ ఏడు కష్టమే. అదే మాట ఎక్సైజు వార్తల్లో ‘బెల్లం ఊట ధ్వంసం’గా కనిపిస్తుంది. బెల్లం, నల్లతుమ్మ చెక్క నీళ్లలో వేసి పులియబెట్టిన సరుకది. రెంటికీ మూలం ‘ఊరు’ ధాతువే. ఊరగాయదీ ఆ ఇంటిపేరే, పాపం!

విదేశాల్లో ఇంట్లో బీరు కాచేవాళ్లు కరెంటు పాత్రలో, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ నూకను 65 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఊరనిస్తారు. వేడి తప్పకుండా థర్మోస్టాట్ చూసుకుంటుంది. వడగట్టి, హాప్స్ వేసి మరిగించి, చల్లార్చి ఈస్టు కలిపితే అదీ ఊటే. బట్టి ఎక్కదు గనుక సారా కాదు. మన రాష్ట్రంలో సారాను 1993లో నిషేధించారు; ఊట పెట్టినా కేసే.