సూరతు నౌకాశిల్పము
తాపీనది యొడ్డున గల సూరతు, మొగలాయి కాలమున రేవుపట్టణముగనే కాక నౌకానిర్మాణమునకును ప్రసిద్ధి చెందినది. అచటి పార్సీ వడ్రంగులు టేకుపలకల అంచులకు గాడితీసి, ఒకదానిలో నొకటి యిమిడ్చి, నడుమ గుగ్గిలము పూసి దూది కూరి, ఇనుపచీలలతో బిగించెడివారు. ఐరోపావారి ఓకు కఱ్ఱలోని ఆమ్లము చీలలను తినివేయును. టేకులోని తైలము వానిని తుప్పునుండి కాపాడును. ఓడల మన్నికకు ఇదియే మూలము.

1736లో ఈస్టిండియా కంపెనీ లోవ్జీ నసర్వాంజీ వాడియాను, ఆయనతో కొందఱు వడ్రంగులను సూరతునుండి బొంబాయికి రప్పించినది. వారి వెంట విద్యయు తరలినది. ఆ వంశీయులు బొంబాయిలో నిర్మింపగా 1817లో జలప్రవేశము చేసిన యుద్ధనౌక ట్రింకోమలీ నేటికిని ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవున నీటిపై నిలిచియున్నది. ఒక ఊరి శిల్పము దాని నెఱిగిన చేతులతోడనే వలసపోవునని ఆ టేకుపలకలు సాక్ష్యమిచ్చుచున్నవి.