వంటచెరకు కోసే రంపం: పెద్ద మిషన్ ఎవరి కోసం పుట్టింది?



పోయిన వారం ఒక తమ్ముడు గ్రూపుల అడిగిండు: "అన్నా, అప్పుడప్పుడు ఇంటికి కట్టెలు కోసుకునేందుకు చైన్ సా తీసుకుందామనుకుంటున్న. నిజామాబాద్‌ల 58 సీసీ, 22 అంగుళాలది తక్కువకే ఇస్తమంటున్నరు. తీసుకోవచ్చా?" నేను "వద్దు" అని ఒక్క మాట రాసి ఊకున్న. ఎందుకు వద్దో చెప్పాలంటే ఆ మిషన్ పుట్టుక చెప్పాలె. అందుకే ఇంత పొడుగు పోస్టు, ఓపికతో చదవండి.

తెలుగులో పొయ్యి కట్టెలకు వంటచెరకు అని పేరు. బోధన్ దిక్కు పుట్టిన పిల్లలకు ఈ మాట వింటే నవ్వొస్తది, వాళ్లకు చెరకంటే ఫ్యాక్టరీకి పోయే బండే. నిజాంసాగర్ 1931లో పూర్తయింది, మంజీర నీళ్లు కాలువల్లో పారినయి. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. చక్కెర ఫ్యాక్టరీలో ఒక చిత్రం ఉంటది: చెరకు పిండినంక మిగిలిన పిప్పినే బాయిలర్‌లో వేసి మండిస్తరు. బెల్లం గానుగ కాడ కూడా అంతే, పిప్పి ఎండబెట్టి పొయ్యికే పెడతరు. అంటే రసం కాగడానికి చెరకే కట్టె. చెరకు కొట్టిన కూలీ ఇంట్లో అన్నం ఉడకడానికి మాత్రం వేరే కట్టె వెతుక్కోవాలె. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడింది. ఆ వెతుకులాట మాత్రం ఆగలే. ఇప్పుడు గ్యాస్ ఉన్నా నీళ్లు కాగపెట్టడానికి, పెండ్లి వంటలకు కట్టె కావాల్సిందే.

ఆ కట్టె కోసం మనవాళ్లు పడ్డ తిప్పలు చిన్నవి కావు. గోదావరి దాటితే ఆదిలాబాద్. అక్కడ నిజాం కాలంలో పశువులు మేపినా, వంటకు కట్టె తెచ్చుకున్నా పన్ను కట్టాల్సి వచ్చేది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణం ఇచ్చిన పోరాటాన్ని మనం జల్, జంగల్, జమీన్ అని గుర్తు చేసుకుంటం. జంగల్ అన్న మాటలో పొయ్యి కట్టె కూడా ఉన్నదని మరువొద్దు.

ఇక మిషన్ సంగతి. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ అనే ఇంజనీర్ 1926లో గొలుసు రంపం తయారు చేసిండు. అది కరెంటుది. చెట్టు కూల్చడానికి కాదు, కూలిన మొద్దును అడ్డంగ ముక్కలు చేయడానికి. మూడేండ్లకు, 1929లో, పెట్రోలుది తెచ్చిండు. ఇది అడవిలో నిలబడ్డ చెట్టును కూల్చేందుకే. బరువు 46 కిలోలు, ఇద్దరు పట్టుకోవాలె. కలప వ్యాపారానికి పుట్టిన మిషన్ అన్నమాట, మన పొయ్యికి కాదు.

1946లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే కట్టెకోత మనిషి మోడులో ఒక పురుగును చూసిండు. అది ఎడమకు, కుడికి తల తిప్పుకుంట కట్టెను తొలుస్తున్నది. ఆ పోలికతో పళ్లు చేసి, 1947లో కొత్త గొలుసు అమ్మిండు. ఇప్పటి గొలుసులన్నీ దాని పిల్లలే. (పురుగును చూసి నేర్చుకునుడు మన తాతలకు కొత్త కాదు, పేటెంట్ చేయించుకునుడే రాలేదు.) 1959లో స్టీల్ కంపెనీ కాంట్రా అనే 12 కిలోల మిషన్ తెచ్చింది. ఇద్దరి పని ఒక్కడే చేసే మిషన్ అది. గొలుసును టక్కున ఆపే చైన్ బ్రేక్ మాత్రం 1970ల మొదట్ల గాని రాలేదు. అన్నేండ్లు కూలీల చేతులే బ్రేకులు.

ఎందుకు ఆపాలంటే, బార్ ముక్కు కొస కట్టెకు తగిలిందంటే రంపం ఒక్కసారి ఎగిరి మొఖం మీదికొస్తది. బార్ పొడుగైన కొద్దీ ఆ ముక్కు ఎక్కడున్నదో కంటికి ఆనదు. 22 అంగుళాల బార్ పెద్ద మానుకు. మనం కోసేది తుమ్మ కొమ్మ, వేప కొమ్మ, మహా అయితే తొడ లావు మొద్దు. దానికి 14, లేదంటే 16 అంగుళాలు చాలు. పెట్రోలుదే కావాలంటే 35 నుంచి 40 సీసీ చాలు.

ఇంటి వాకిట్లో కోసేటట్టయితే నేను కరెంటుదే తీసుకొమ్మంట. పెట్రోలుది ఆర్నెల్లు మూలకు పెడితే, ఆయిల్ కలిపిన పెట్రోలు పాడై కార్బొరేటర్ జామవుతది. మా తండాలో ఇద్దరు కలిసి పెద్దది కొన్నరు, రెండు సీజన్లు కాకముందే తాడు లాగి లాగి భుజాలు పోయినయి. కరెంటుదానికి ఆ బాధ లేదు, వైరు మందంగ ఉంటే సరి. ఏది కొన్నా దుకాణంల చైన్ బ్రేక్ పనిచేస్తున్నదా చూడు, అదే గొలుసు మళ్లీ దొరుకుతదా అడుగు. కండ్లద్దాలు, బూట్లు లేకుండ ముట్టొద్దు.

ఇంకోటి, అసలుది. మిషన్‌ను అడవిలోకి తీసుకపోవద్దు. 1967 అటవీ చట్టం 44వ సెక్షన్ కింద నేరానికి వాడిన పనిముట్లు, తాళ్లు, గొలుసులు, బండ్లు, పశువులు జప్తు చేయొచ్చు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న అటవీ ఉత్పత్తుల లెక్కలో పొదకట్టె, మోడ్లు కూడా రాసింది. నిలబడ్డ చెట్టును రాయలేదు. సొంత పట్టా భూమిలో చెట్టు కొట్టాలన్నా 2002 వాల్టా చట్టం కింద అనుమతి అడగాలె. అందుకని నెత్తి మోపుకు గొడ్డలి, వాకిట్లో మొద్దుకు మిషన్. 1926 నాటి మొదటి రంపం కూడా ఆ పనికే గద.

తుమ్మ గట్టి కట్టె, గొలుసు తొందరగ మొద్దుబారుతది. రంపం నుంచి చెక్క పెళ్లల బదులు పిండి రాలుతుంటే ఆకురాయి పట్టుడే. 14, 16 అంగుళాల చిన్న గొలుసులకు ఎక్కువగ 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి సరిపోతది. నా దగ్గర రెండున్నయి తమ్ముడూ, వచ్చినప్పుడు ఒకటి తీసుకపో.