వ్యవసాయ డ్రోన్లలో లిపో బ్యాటరీలు: చార్జింగ్, నిల్వ, రవాణాలో పాటించాల్సిన జాగ్రత్తలు

మందు పిచికారీ చేసే డ్రోన్ నిండు ట్యాంకుతో లేస్తే, కాస్త అటూ ఇటూగా పది నిమిషాలు గాల్లో ఉంటుంది. తర్వాత కిందికి దిగి, బ్యాటరీ మార్చుకుని మళ్లీ లేవాలి. రోజుకు 20 ఎకరాలు కొట్టాలంటే ఒక్క బ్యాటరీ సెట్ చాలదు. అందుకే ‘నమో డ్రోన్ దీదీ’ పథకం కింద మహిళా స్వయం సహాయక సంఘాలకు ఇచ్చే ప్యాకేజీలో డ్రోన్‌తో వచ్చే సెట్‌కు తోడు మరో నాలుగు సెట్లు, ఫాస్ట్ చార్జర్లు కూడా ఉంటాయి.

కేంద్ర మంత్రివర్గం 2023 నవంబరులో ఆమోదించిన ఈ పథకం లక్ష్యం 15,000 సంఘాలకు డ్రోన్లు అందించడం. కేటాయింపు రూ.1,261 కోట్లు. ధరలో 80 శాతం, గరిష్ఠంగా రూ.8 లక్షల వరకు కేంద్రం భరిస్తుంది. ఇవి కాక, సొంతంగా డ్రోన్లు కొని ఎకరానికి ఇంత అని కిరాయికి కొట్టే యువకులు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు.

డ్రోన్ నిబంధనలు–2021 ప్రకారం ఇలాంటి డ్రోన్ ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. దాని బ్యాటరీని రాత్రి చార్జింగ్‌కు పెట్టడానికి మాత్రం ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఆ పని ఇంట్లో ఎవరైనా చేస్తారు. ప్రమాదానికి ఎక్కువ అవకాశం ఉన్నది కూడా ఆ సమయంలోనే.

లిపో అంటే ఏమిటి?

లిథియం పాలిమర్‌కు పొట్టి పేరు లిపో. ఇది లిథియం అయాన్ కుటుంబానికి చెందినదే. తేడా ప్రధానంగా పైపొరలో ఉంటుంది. టార్చిలైట్ సెల్‌కు ఉండే గట్టి లోహపు డబ్బా దీనికి ఉండదు. పల్చటి అల్యూమినియం రేకు సంచిలో సెల్‌ను పెట్టి అంచులు మూసేస్తారు. బరువు తక్కువ, ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వగలదు. రిమోట్ కార్లు, ఎయిర్‌సాఫ్ట్ తుపాకులు, డ్రోన్లు దీన్ని ఎంచుకోవడానికి కారణం అదే. అయితే గుచ్చుకున్నా, నలిగినా, కిందపడినా లోపలి పొరలను కాపాడే కవచం ఉండదు. లోపలి ఎలక్ట్రోలైట్‌కు మండే గుణం ఉంది.

ఎయిర్‌సాఫ్ట్ తుపాకీలో వాడే 11.1 వోల్టులు, 1,300 మిల్లీ యాంపియర్ అవర్ బ్యాటరీలో ఉండే శక్తి సుమారు 14 వాట్ అవర్లు. వ్యవసాయ డ్రోన్లలో సాధారణంగా కనిపించే 22.2 వోల్టులు, 22,000 మిల్లీ యాంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది 488 వాట్ అవర్లు. అంటే ముప్పై రెట్లకు పైగా. మీటరు లెక్కలో చెప్పాలంటే దాదాపు అర యూనిట్ కరెంటు ఒక చిన్న సంచిలో కూర్చుని ఉంటుంది. చాలా డ్రోన్లకు ఇలాంటివి రెండు ఒకేసారి కావాలి.

గుర్తుంచుకోవాల్సిన అంకెలు

లిపో సెల్ ఒక్కోటి 3.7 వోల్టులు. బ్యాటరీపై ‘6ఎస్’ అని ఉంటే ఆరు సెల్స్ వరసగా కలిపారని అర్థం. సాధారణ లిపో సెల్ నిండితే 4.2 వోల్టులు, అంటే 6ఎస్ బ్యాటరీకి 25.2. హై వోల్టేజ్ రకాలకు ఈ హద్దు వేరు. కాబట్టి లేబుల్ చూసి, చార్జర్‌లో సరైన రకం ఎంచుకోవాలి.

సెల్ 3 వోల్టుల కంటే దిగితే దెబ్బతింటుంది. 3.5 దగ్గరికి రాగానే, అంటే 6ఎస్ మొత్తం 21 చూపగానే డ్రోన్‌ను దించేయడం మంచిది. బాగా ఖాళీ అయిన సెల్‌లో రాగి కరిగి, మళ్లీ చార్జి చేసినప్పుడు లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. ‘చచ్చిన’ బ్యాటరీని ఎలాగోలా లేపే చిట్కాలు అందుకే ప్రమాదకరం.

మొత్తం వోల్టేజీ ఒక్కటే చూస్తే మోసపోతాం. ఐదు సెల్స్ 4.18 దగ్గర, ఒకటి 4.30 దగ్గర ఉన్నా మొత్తం 25.2 అనే చూపిస్తుంది. ఆ ఒక్క సెల్ మాత్రం హద్దు దాటిపోయింది. మందపాటి రెండు తీగలతో పాటు సన్నటి తీగల గుత్తి ఇచ్చేది ఇందుకే. దాన్ని కూడా చార్జర్‌కు తగిలించి బ్యాలెన్స్ చార్జింగ్ చేస్తే, ఒక్కో సెల్‌ను విడిగా చూసి సమం చేస్తుంది. లోపలే ఈ ఏర్పాటున్న స్మార్ట్ బ్యాటరీలైతే అవి చూపే హెచ్చరికలను పట్టించుకోవాలి.

ఇంటి వైరింగ్ తట్టుకుంటుందా?

22,000 మిల్లీ యాంపియర్ అవర్ బ్యాటరీని 22 యాంపియర్లతో చార్జి చేస్తే దాన్ని 1సీ అంటారు. నిండే సమయానికి ఇది సుమారు 550 వాట్లు. 2సీతో రెండు బ్యాటరీలు ఒకేసారి పెడితే 2,200 వాట్లు దాటుతుంది. మామూలు 6 యాంపియర్ల ప్లగ్గు మోయగలిగేది సుమారు 1,380 వాట్లే. అందుకే ఎర్తింగ్ ఉన్న 16 యాంపియర్ల సాకెట్ కావాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు పనికిరావు. తయారీదారు అనుమతిస్తే తప్ప 1సీ దాటకపోవడం మేలు.

చార్జింగ్ స్థలం బయట వసారాలోనో, సిమెంటు నేల మీదో ఉండాలి. గడ్డివాము, పత్తి నిల్వ చేసిన గది, పడకలు, ఇంట్లోంచి బయటికి వెళ్లే ద్వారం, ఇవన్నీ దూరంగా ఉండాలి. పురుగుమందుల గదిలో అసలే వద్దు. ఈసీ రకం మందుల్లోని ద్రావకాలు మండుతాయి. రాత్రి చార్జింగ్ పెట్టి నిద్రపోకూడదు. మనిషి చూస్తూ ఉండగానే చార్జి కావాలి.

ఎండ, తొందర

సీజన్‌లో అసలు పరీక్ష పొలం గట్టు మీద ఎదురవుతుంది. పక్క రైతు ఎదురుచూస్తుంటాడు, గాలి పెరగకముందే పని కావాలి. ఇప్పుడే దిగిన బ్యాటరీ చేత్తో తాకలేనంత వేడిగా ఉన్నా వెంటనే జనరేటర్‌కు తగిలిస్తారు. చాలా లిపోలకు చార్జింగ్ సమయంలో 45 డిగ్రీలు దాటకూడదన్న హద్దు ఉంటుంది. మే నెలలో తెలంగాణ, ఆంధ్రాల్లో గాలే ఆ హద్దు దగ్గర ఉంటుంది. నీడలో పెట్టి, మామూలు వేడికి వచ్చేదాకా ఆగాల్సిందే. త్వరగా చల్లారాలని నీళ్లలో ముంచకూడదు. తయారీదారు ప్రత్యేకంగా అనుమతించిన బ్యాటరీలకే ఆ పద్ధతి వర్తిస్తుంది.

చలి వల్ల కూడా నష్టం ఉంది. హిమాచల్, కశ్మీర్ తోటల్లో సున్నా డిగ్రీల కంటే తక్కువలో చార్జి చేస్తే లిథియం లోహంగా పేరుకుని సెల్ పాడవుతుంది.

మందు తుంపర్లు కనెక్టర్ల మీద పడితే తుప్పు పట్టి, అతుకు దగ్గర వేడెక్కుతుంది. రోజు పని అయ్యాక పొడిగుడ్డతో తుడవాలి. మందు ముట్టిన చేతి తొడుగులతో బ్యాటరీ మార్చకూడదు.

పని లేని నెలల్లో

సీజన్ అయిపోయాక నిండుగా చార్జి చేసి బీరువాలో పెడితే బ్యాటరీ త్వరగా పాడవుతుంది, ఉబ్బుతుంది. పూర్తిగా ఖాళీ చేసి పెట్టినా నష్టమే. చార్జర్‌లోని ‘స్టోరేజ్’ మోడ్ వాడి, సెల్‌కు 3.8 నుంచి 3.85 వోల్టుల మధ్య, అంటే సుమారు సగం నింపి ఉంచాలి. చల్లని, పొడి చోట, మంట అంటుకోని పెట్టెలో భద్రపరచాలి. నెలకోసారి వోల్టేజీ చూసుకోవాలి.

బైక్ మీదో ఆటోలోనో తీసుకెళ్లేటప్పుడు కనెక్టర్లకు మూతలు పెట్టాలి. స్పానర్లు, తాళాలు ఉన్న సంచిలో వేయకూడదు. ఎండలో మూసిన కారులో వదలకూడదు. విమానంలో ప్రయాణికులు 160 వాట్ అవర్లు దాటిన విడి లిథియం బ్యాటరీని తీసుకెళ్లడానికి వీల్లేదు. కాబట్టి వ్యవసాయ డ్రోన్ బ్యాటరీకి ఆ దారి లేదు.

ఉబ్బితే, పొగ వస్తే

సంచి ఉబ్బడం, తీపి వాసన, ఒక సెల్ మిగతావాటి కంటే తరచూ తగ్గిపోవడం, కిందపడి సొట్టపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. గాలి తీసేద్దామని సూదితో గుచ్చడం అత్యంత ప్రమాదకరం. కిందపడిన బ్యాటరీ వెంటనే అంటుకోకపోవచ్చు. బయట, విడిగా పెట్టి కొన్ని గంటలు గమనించాలి.

పొగ మొదలైతే కొన్ని క్షణాల్లోనే మంటలు రావచ్చు. ఒక సెల్ వేడి పక్క సెల్‌ను అంటిస్తుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ ఫ్లోరైడ్ వంటి విషవాయువులు ఉంటాయి. చేత్తో పట్టుకుని బయటికి పరిగెత్తే ప్రయత్నం చేయకూడదు. అందుబాటులో ఉంటే మెయిన్ ఆపేసి, అందరినీ బయటికి పంపి 101 లేదా 112కు ఫోన్ చేయాలి. కరెంటు ఆగిపోయిందని తేలాకే, దూరం నుంచి ఎక్కువ నీళ్లు కొట్టవచ్చు. నీళ్లు సెల్స్‌ను చల్లబరుస్తాయి. పొడి మంటల సాధనం మంటను ఆపినా వేడిని తీయదు, కాబట్టి మళ్లీ అంటుకోవచ్చు.

పాతవి ఎవరికివ్వాలి?

బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు–2022 ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపాల్సిన బాధ్యత ఉత్పత్తిదారులది. పాత ఇనుప సామాన్లవాడికి ఇవ్వడం, చెత్తకుప్పలో వేయడం, కాల్చడం తగదు. ఉప్పునీళ్లలో నానబెట్టే అలవాటు కూడా నమ్మదగింది కాదు. పూర్తిగా ఖాళీ కాకముందే కనెక్టర్ తుప్పు పట్టి, లోపల చార్జ్ మిగిలిపోవచ్చు. కొనేటప్పుడే పాతవి ఎవరు వెనక్కి తీసుకుంటారో రాయించుకోవాలి.

సంఘానికి ఖర్చు లేకుండా అయ్యే పని ఒకటుంది. ప్రతి బ్యాటరీకి ఒక నంబరు వేసి, చార్జి చేసిన తేదీ, ఎవరు పెట్టారు, ఏ సెల్ ఎంత చూపింది, ఎప్పుడు కిందపడింది అన్నది ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. ఏ బ్యాటరీని ఎప్పుడు పక్కన పెట్టాలో ఆ పుస్తకమే ముందుగా చెబుతుంది.