వేదిక మీద పిలిచిన పేరు

ఉదయం ఆరున్నర. క్రెయిగీబర్న్ స్టేషన్‌లో ఇంకా చీకటి వీడలేదు. మే నెల చలి చెప్పుల్లోంచి పాదాలకు ఎక్కుతోంది. అల్లుడు మమ్మల్ని దింపి డ్యూటీకి వెళ్లిపోయాడు. నా ఒళ్లో శాలువా చుట్టిన ఐదు నెలల మనవరాలు. పక్కన మా అమ్మాయి ఫోన్‌లో స్లైడ్లు తిప్పుతూ పెదవులు కదుపుతోంది. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పే ముందూ ఇంతే.

ఇవాళ మెల్‌బోర్న్‌లో సర్జన్ల సదస్సు. అమ్మాయి ప్రసంగం ఎనిమిది నిమిషాలు. పాలు తాగే బిడ్డ కదా, నన్నూ వెంట రమ్మంది.

రాక్స్‌బర్గ్ పార్క్, కూలరూ, బ్రాడ్‌మెడోస్. రైలు నిండుతోంది. "ఇక్కడ సర్జన్‌ని మిస్టర్ అంటారమ్మా," అంటోంది అమ్మాయి. ఇంగ్లండులో ఒకప్పుడు మంగలి పనివారే కోతలు కోసేవారట. వాళ్లకు డాక్టర్ పట్టా ఉండేది కాదు. ఆ పిలుపే తర్వాత గొప్పదైంది, విక్టోరియాలో ఇంకా వాడుకలో ఉంది. మరి ఆడవాళ్లను? "మిస్ అనో, మిజ్ అనో." అలా పిలిస్తే బడిపంతులమ్మ అనుకోరూ? నేను ముప్పై ఏళ్లు ఆ ఉద్యోగమే చేశాను, చిన్నతనమని కాదు. కానీ రోగికి తన పొట్ట కోసేదెవరో తెలియాలి కదా.

సదరన్ క్రాస్‌లో దిగి, యారా నది మీది వంతెన దాటి వచ్చాం. హాలు మా కల్యాణ మండపాలకు నాలుగింతలుంది. వెనక వరసలో, తలుపు పక్కన, నాతో కూర్చోండి. వేదిక మీద ఐదు కుర్చీలు. నలుగురు మగవాళ్లు, వాళ్లతో మా అమ్మాయి.

అధ్యక్షుడు ఒక్కొక్కరినీ పిలుస్తున్నాడు. ప్రొఫెసర్ ఫలానా. మిస్టర్ ఫలానా. హోదా, ఇంటిపేరు, పనిచేసే చోటు. తర్వాత మా అమ్మాయి వంతు. ఉత్త పేరు, అదీ సగం విరిచి. అంతే.

అది నడిచి వెళ్లింది. హెర్నియా మీద తడుముకోకుండా మాట్లాడింది. చప్పట్లు పడ్డాయి. నాకు మాత్రం ఆ విరిగిన పేరే చెవిలో ఉండిపోయింది.

బిడ్డకు పాలివ్వడానికి వచ్చినప్పుడు అడిగేశాను. "నిన్నేంటే, పక్కింటి పిల్లను పిలిచినట్టు పిలిచాడు?"

"ఇక్కడ అందరూ పేర్లతోనే పిలుచుకుంటారమ్మా."

"అందరినీ అలాగే పిలిచుంటే నేనడగను."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, దీన్ని లెక్కగట్టినవాళ్లున్నారని. అమెరికాలో మేయో క్లినిక్ వైద్యుల సభల మీద 2017లో ఒక పరిశోధన అచ్చయింది. మగవాళ్లు పరిచయం చేసినప్పుడు మగ వక్తల్లో 72 శాతం మందికి హోదాతో పిలుపు దక్కింది. ఆడవాళ్లలో 49 శాతం మందికే. పరిచయం చేసింది ఆడవాళ్లయితే, దాదాపు అందరికీ దక్కింది.

ఈ దేశపు సర్జన్ల కళాశాల, అంటే వాళ్ల వృత్తి సంఘం, 1927లో పుట్టింది. తొలి మహిళా అధ్యక్షురాలు యాన్ కోల్బె వచ్చింది 2003లో. 2015లో వివక్ష, వేధింపుల గురించి అడిగితే దాదాపు సగం మంది తామూ పడ్డామన్నారు. కళాశాల బహిరంగంగా క్షమాపణ చెప్పింది. చెప్పడం మంచిదే. అయినా ఇక్కడి సర్జన్లలో ఐదుగురిలో ఒకరు కూడా ఆడవాళ్లు లేరు.

నాకు మా హైదరాబాద్ గుర్తొస్తోంది. ఇప్పటి సుల్తాన్ బజార్ ఆసుపత్రి అప్పట్లో రెసిడెన్సీ ఆసుపత్రి. మా అమ్మాయి పుట్టింది అక్కడే. 1880లలో హైదరాబాద్‌లో చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ అక్కడ రోగులకు క్లోరోఫాం ఇచ్చేది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలని అంటారు. ఆ గేటు ముందు ఎన్నిసార్లు ఆటో దిగానో. ఆవిడ పేరు నాకు అరవై ఏళ్లు దాటాక తెలిసింది.

మధ్యాహ్నం చర్చలోనూ అమ్మాయి కూర్చోవాలి. ఈసారి అధ్యక్షత ఒక పెద్దావిడది, తెల్లజుట్టు. కాఫీ విరామంలో ఆవిడే మా దగ్గరికొచ్చి, బిడ్డ బుగ్గ తాకి, మా ఇంటిపేరు ఎలా పలకాలో అడిగింది. మూడుసార్లు అని చూసుకుంది.

ఇప్పుడు మైకు అందుకుంది. "డాక్టర్..." అంటూ మా ఇంటిపేరు నిండుగా పలికింది. వేదిక మీద అమ్మాయి వెన్ను నిటారైంది.

ఏ సభలోనైనా ఒక డాక్టరమ్మను పరిచయం చేసే పని మీకు పడితే, ముందే వెళ్లి ఆమె ఇంటిపేరు అడగండి.