ఎర్రరాతి ఎడారి ఛాయాచిత్రణ (అమెరికా నైరుతి)

అమెరికాలో యూటా, ఆరిజోనా, కొలరాడో, న్యూమెక్సికో రాష్ట్రాల్లోకి విస్తరించిన ఎత్తైన ఎడారి భూమిని కొలరాడో పీఠభూమి అంటారు. ఎర్ర ఇసుకరాయి బురుజులు, రాతి తోరణాలు, మనిషి పట్టీపట్టని ఇరుకు లోయలు ఇక్కడ ఉన్నాయి. 19వ శతాబ్దం రెండో సగం నుంచి ఫోటోగ్రాఫర్లు వీటిని తీస్తూనే ఉన్నారు. మొదటి తరం రాతి కోసమే వచ్చింది. ఆ రాతి మీద పడే ఎండ, వెనక కదిలే మబ్బు ఫోటోకి అసలు విషయంగా మారడానికి దాదాపు డెబ్బై ఏళ్లు పట్టింది. ఈ ఆలస్యానికి కారణం అభిరుచి కన్నా ఎక్కువగా రసాయనాలే.

గాజు పలకల కాలం

తొలి చిత్రాలు ప్రభుత్వ సర్వేల కోసం తీసినవి. అంతర్యుద్ధాన్ని చిత్రించిన టిమొతీ ఓసలివన్ 1867లో క్లారెన్స్ కింగ్ సర్వేలోను, 1871 నుంచి జార్జ్ వీలర్ సర్వేలోను పనిచేశాడు. 1871లో జాన్ వెస్లీ పావెల్ కొలరాడో నదీయాత్రలో పడవ నడపడానికి చేరిన జాన్ హిల్లర్స్, మరుసటి ఏడాదికల్లా ఆ బృందం ఫోటోగ్రాఫర్ అయ్యాడు.

అప్పటిది తడి కొలోడియన్ పద్ధతి. గాజు పలకకు కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి, తడి ఆరేలోగా ఫోటో తీసి, అక్కడికక్కడే కడగాలి. ఎడారి వేడిలో ఆ తడి కొద్ది నిమిషాలే నిలుస్తుంది. అందుకే చీకటి గది కూడా ఫోటోగ్రాఫర్ వెంటే నడవాల్సి వచ్చేది. 1867లో నెవాడా ఇసుక తిన్నెల్లో ఓసలివన్ తీసిన ఒక చిత్రంలో, కంచర గాడిదలు లాగే ఆయన చీకటి గది బండే కనిపిస్తుంది. 1871లో కొలరాడో నదికి ఎదురు ప్రయాణం చేస్తూ తీసిన పలకల్లో చాలావరకు తర్వాతి రవాణాలోనే పోయాయి.

ఆ పలకకు నీలి కాంతి తప్ప మిగతా రంగులు దాదాపు పట్టవు. ఎర్రరాయి నల్లగా వచ్చేది. ఆకాశం తెల్లగా మాడిపోయి మబ్బులు అందులో కలిసిపోయేవి. వాతావరణం ఎంత మారినా చిత్రంలో అదే తెల్ల కాగితం లాంటి ఆకాశం. ఇక ఫోటోగ్రాఫర్ చేతిలో మిగిలింది ఎండ ఏ వైపు నుంచి పడాలో ఎంచుకోవడం ఒక్కటే. ఆ ఒక్కదానితో ఎంత సాధించవచ్చో ఓసలివన్ 1873లో ఆరిజోనాలోని కాన్యన్ డి షే అనే లోయలో చూపించాడు. నిట్టనిలువు కొండ గోడ నడుమ గూటిలో ప్రాచీన ప్యూబ్లో ప్రజల ఇళ్ల శిథిలాలు, పక్క నుంచి గోడను రాసుకుంటూ పడిన ఎండలో ప్రతి రాతి చార విడివిడిగా కనిపిస్తాయి. మనుషులు చీమలంత ఉంటారు. ఈ లోయలోనే తొమ్మిదేళ్ల ముందు, 1864లో, కిట్ కార్సన్ నడిపిన అమెరికా సైన్యం నవాహో ఆదివాసులను తరిమి పట్టుకుంది. 1868 ఒప్పందం తర్వాతే వాళ్లు తిరిగి వచ్చారు. ఆ చరిత్ర జాడ చిత్రంలో లేదు.

ఈ సర్వే చిత్రాలను నిష్పక్షపాతమైన రికార్డులుగానే చాలాకాలం చూశారు. 1977-79లో ఫోటోగ్రాఫర్ మార్క్ క్లెట్ తదితరులు పాత ఫోటోలు తీసిన చోట్లనే నిలబడి మళ్లీ తీసే ప్రాజెక్టు చేపట్టారు. స్థలం దొరికితే సరిపోదు, నీడలు కలవాలంటే అదే కాలంలో, అదే పొద్దులో తీయాలి. అలా పోల్చినప్పుడు, యూటాలోని విచెస్ రాక్స్‌ను 1869లో తీసేటప్పుడు ఓసలివన్ కెమెరాను కావాలనే పక్కకు వంచాడని తేలింది. రాళ్లు ఒరిగి కనిపించడం ఆయన పనే.

ఆకాశం దిగివచ్చింది

1873లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ ఫోగెల్ పలకకు రంగుద్రవ్యం కలిపితే ఆకుపచ్చ కాంతి కూడా పడుతుందని కనుగొన్నాడు. 1906లో బ్రిటన్‌లో అన్ని రంగులనూ గ్రహించే పాన్‌క్రొమాటిక్ పలకలు అమ్మకానికి వచ్చాయి. కెమెరాకు ఎర్ర ఫిల్టర్ తగిలిస్తే నీలాకాశం నల్లబడి, తెల్ల మబ్బు ఎగసి కనిపించసాగింది.

ఫోటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్ దీన్నొక శాస్త్రంలా సాధన చేశాడు. 1940 ప్రాంతంలో ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి రూపొందించిన జోన్ పద్ధతిలో, నీడ ఎంత నల్లగా, ఎండ ఎంత తెల్లగా రావాలో తీసే ముందే నిర్ణయించుకోవచ్చు. 1941లో అమెరికా అంతర్గత వ్యవహారాల శాఖ ఆయనకు జాతీయ ఉద్యానవనాలను చిత్రించే పని అప్పగించింది. ఓసలివన్ ఆల్బమ్ ఒకటి సొంతంగా ఉన్న ఆడమ్స్, కాన్యన్ డి షేకు వెళ్లి దాదాపు అదే చోటు నుంచి అదే శిథిలాన్ని తీశాడు.

ఎర్రరాతి బురుజులుండే మాన్యుమెంట్ వ్యాలీ పేరు ప్రపంచానికి తెలిసింది మాత్రం వ్యాపారం వల్ల. 1930ల మాంద్యంలో అక్కడ దుకాణం నడిపే హ్యారీ గోల్డింగ్, జర్మనీ నుంచి వలస వచ్చిన జోసెఫ్ మ్యూంచ్ తీసిన ఫోటోలు పట్టుకుని హాలీవుడ్ వెళ్లి, దర్శకుడు జాన్ ఫోర్డ్‌ను ఒప్పించాడని చెబుతారు. 1939లో ఆ లోయలో తీసిన ‘స్టేజ్‌కోచ్’ వచ్చింది. పదేళ్ల తర్వాత ‘షీ వోర్ ఎ ఎల్లో రిబ్బన్’లో నిజమైన ఉరుముల వాన కింద గుర్రపు దళం నడిచే దృశ్యం, ఎడారిలో వాన ఎంత గొప్ప నాటకమో రంగుల్లో చూపింది. ఆ చిత్రానికి ఛాయాగ్రాహకుడు వింటన్ హోక్ ఆస్కార్ అందుకున్నాడు. ఆ మబ్బుల్లో తీయలేనని ఆయన లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పాడనే కథ ప్రచారంలో ఉంది. రుజువు బలంగా లేకపోయినా, ఆనాటి నెమ్మది ఫిల్ముతో పనిచేసిన ఏ ఛాయాగ్రాహకుడికైనా ఆ భయం సహజమే.

రంగు, నీడ

‘ఆరిజోనా హైవేస్’ పత్రిక 1946 డిసెంబరు సంచికను మొత్తం రంగుల్లో అచ్చు వేసింది. రంగు ఫోటోకి వెలుగు రంగు కూడా ముఖ్యమైంది. పొద్దు వాలేటప్పుడు ఎండ ఎక్కువ గాలి పొరను దాటి రావడంతో నీలి కాంతి చెదిరిపోతుంది. మిగిలిన ఎర్ర కాంతి ఇనుప ఆక్సైడు నిండిన రాయి మీద పడి దాని ఎరుపును రెట్టింపు చేస్తుంది. ఉదయం, సాయంత్రం నీరెండలోనే తీయాలన్న సూత్రం ఇలా స్థిరపడి, కొన్నేళ్లకే అరిగిపోయింది.

దాన్ని తోసిపుచ్చినవాడు ఫోటోగ్రాఫర్ ఎలియట్ పోర్టర్. వైద్య విద్య చదివిన ఈయన 1960లో కొలరాడో నది మీది గ్లెన్ కాన్యన్‌కు మొదటిసారి వెళ్లాడు. లోతైన లోయ అడుగున ఎండ నేరుగా పడదు. పై గోడను తాకిన ఎండ ఎర్రబడి కిందికి పరావర్తనం చెందుతుంది. ఆకాశం మాత్రమే కనిపించే నీడ భాగాలు నీలంగా ఉంటాయి. తడిసిన రాయి మీద ఈ రెండు వెలుగులూ పక్కపక్కనే కనిపిస్తాయి. మనిషి కన్ను సర్దుకుని పట్టించుకోని ఈ తేడాను ఫిల్ము పట్టేసింది, పోర్టర్ దాన్ని దిద్దకుండా అలాగే ముద్రించాడు. ఆ చిత్రాల పుస్తకం, ‘ది ప్లేస్ నో వన్ న్యూ’, 1963లో వెలువడింది. అదే ఏడాది గ్లెన్ కాన్యన్ ఆనకట్ట తూములు మూసి నీళ్లు నింపడం మొదలుపెట్టారు. ఆయన తీసిన గోడల్లో చాలా భాగం మునిగిపోయింది. ఈ రంగంలో ఇంతకు మించిన పుస్తకం రాలేదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

జనం, నిబంధనలు

1990లో వచ్చిన ఫ్యూజీ వెల్వియా ఫిల్ము రంగులను ఉన్నవాటి కన్నా గాఢంగా చూపేది. ఆ తర్వాత డిజిటల్ కెమెరాలు వచ్చాయి. నవాహో భూమిలోని యాంటిలోప్ కాన్యన్‌లో, వేసవి మధ్యాహ్నం పై చీలిక నుంచి దిగే వెలుగు కిరణాన్ని తీయడానికి జనం బారులు తీరారు. ధూళి లేకపోతే కిరణం కనిపించదు కనుక గైడ్లు ఇసుక చల్లేవారు. 1997 ఆగస్టు 12న దిగువ యాంటిలోప్‌లో 11 మంది పర్యాటకులు వరదలో కొట్టుకుపోయి మరణించారు. వాన కురిసింది అక్కడ కాదు, ఎగువన మైళ్ల దూరంలో. ఈ లోయల్లో వాతావరణం అంటే కళ్లెదుట ఉన్న ఆకాశం మాత్రమే కాదు. యాంటిలోప్ కాన్యన్‌లోనే ఫోటోగ్రాఫర్ పీటర్ లిక్ తీసిన ‘ఫాంటమ్’ 65 లక్షల డాలర్లకు అమ్ముడైందని 2014లో ఆయన సంస్థ ప్రకటించింది. కొన్నవారెవరో చెప్పలేదు. చిత్రం మాత్రం నలుపు తెలుపుల్లోనే ఉంది.

సహజమైన వెలుగు చాలనివారూ ఉన్నారు. 2000లో ఒక వృత్తి ఫోటోగ్రాఫర్ యూటాలోని డెలికేట్ ఆర్చ్ కింద రాత్రివేళ మంటలు వేయగా రాయి మీద మచ్చలు పడ్డాయి, కేసు నడిచింది. ఆరిజోనా సరిహద్దులోని ‘ది వేవ్’ అనే చారల రాతి అలకు రోజుకు 20 మందినే పంపేవారు. లాటరీలో పేరు వస్తేనే అనుమతి. 2021లో ఆ సంఖ్యను 64కు పెంచారు. యాంటిలోప్‌లో గైడు లేకుండా ప్రవేశం లేదు. ట్రైపాడ్‌తో వచ్చేవారికోసం విడిగా నడిపిన ఫోటోగ్రఫీ యాత్రలను 2019 చివర్లో నిలిపివేశారు.