పటాన్‌చెరులో అడిగిన ప్రశ్న

మహబూబ్‌నగర్‌లో మా మేనత్త ట్రంకుపెట్టె అడుగున ఒక ఆసుపత్రి కాగితం ఉంది. ముప్పై రెండేళ్ళ వయసులో తెల్లబట్ట బాధతో వెళ్తే, సంచి తీసేస్తే పోతుందన్నారట. తీసేశారు. కాగితమంతా ఇంగ్లీషు. నిరుడు మోకాళ్ళ నొప్పులకని ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ దాన్ని మొదటిసారి చదివాను. గర్భసంచితో పాటు రెండు అండాశయాలనూ తీసేసినట్టు అందులో ఉంది. చెప్పాను.

"అవేంది? యాడుంటయి బిడ్డా?" అని అడిగింది అత్త.

సాహిత్యంలో డాక్టరేటు చేసిన నాకు సరైన జవాబు తెలియలేదు. తర్వాత చదువుకున్నాను. ఆడశిశువు తల్లి కడుపులో ఐదో నెలలో ఉన్నప్పుడు ఆమె అండాశయాల్లో అరవై, డెబ్భై లక్షల అండకణాలుంటాయి. పుట్టేసరికి పది, ఇరవై లక్షలు, రజస్వల అయ్యేసరికి మూడు, నాలుగు లక్షలు మిగులుతాయి. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలే. అంటే నేను పుట్టిన అండం, మా అమ్మ ఇంకా అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే తయారైంది. ప్రాజెక్టు పనుల్లో మట్టితట్టలు మోసిన పాలమూరు కూలీ మా అమ్మమ్మ. అండాశయం పని అండాలతో అయిపోదు. అది తయారుచేసే ఈస్ట్రోజన్ ఎముకలకూ కావాలి. ముప్పై రెండేళ్ళకు రెండూ తీసేయడమంటే ముట్లుడగడాన్ని ఒక్కరోజులో మీద వేయడమే.

ఇదంతా ఎవరికి తెలుసు, ఎవరికి తెలియనివ్వలేదు అని వెతుకుతూ 1985 దగ్గర ఆగాను. అండం విడుదల కాకుండా ఆపే నెట్-ఎన్ అనే ఇంజక్షన్ మీద భారత వైద్య పరిశోధన మండలి అప్పుడు ప్రయోగాలు నడుపుతోంది. రెండు నెలలకొకసారి 200 మిల్లీగ్రాముల హార్మోను. హైదరాబాదు పక్కన, అప్పటి మెదక్ జిల్లాలోని పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అందులో ఒక చోటు. స్త్రీశక్తి సంఘటన సభ్యులు అక్కడికి వెళ్ళారు. వచ్చిన స్త్రీలకు అది పిల్లలు కాకుండా ఇచ్చే సూది అని మాత్రమే తెలుసు. తమ మీద ప్రయోగం జరుగుతోందని తెలియదు. నెలసరి గతి తప్పుతుందని, ఒక్కోసారి రక్తస్రావం ఆగదని, ఒక్కోసారి ముట్టే రాదని తెలియదు. తెలియకుండా చాచిన చేతిని అంగీకారం అంటామా? సంఘటన అడిగింది ఇదే.

1986లో స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీలోని సహేలీ, మరికొందరు కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. కేసు 2000 దాకా సాగింది. కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో నెట్-ఎన్‌ను సామూహికంగా వాడడం తగదని చివరికి ప్రభుత్వమే ఒప్పుకుంది. 2017లో మరో హార్మోను ఇంజక్షన్ 'అంతర' పేరుతో ప్రభుత్వ ఆసుపత్రుల్లోకి వచ్చింది. కాబట్టి ఆ ప్రశ్నకు కాలం చెల్లలేదు.

ఈ పోరాటాన్ని సైన్సు మీద వ్యతిరేకతగా చూసేవాళ్ళున్నారు. పటాన్‌చెరుకు వచ్చిన స్త్రీలకు ఇక పిల్లలు వద్దనుకోవడం నిజమైన అవసరమే, దాన్ని కాదనలేం. కానీ సూదిని ప్రశ్నించిన ఆ సంఘటనే 1991లో స్త్రీల ఆరోగ్యం మీద 'సవాలక్ష సందేహాలు' పుస్తకం తెచ్చిందని మరచిపోకూడదు. వాళ్ళు సైన్సును వద్దనలేదు. తెలుగులో, మన చేతికి ఇమ్మన్నారు. మన స్త్రీవాద చరిత్ర రాసేటప్పుడు కవిత్వానికీ కథకూ ఇచ్చినంత చోటు ఈ పనికి ఇచ్చామా? నేనైతే ఇవ్వలేదు. నా సిద్ధాంత గ్రంథంలో ఆ పుస్తకం ప్రస్తావనే లేదు.

మొన్న ఆ కాగితం వెనక్కి తిప్పి అత్తకు బొమ్మ గీసి చూపించాను. గర్భసంచి, అటూ ఇటూ బాదంగింజలంత అండాశయాలు. చాలాసేపు చూసింది.

"మా పక్కింటి కోడలికి గూడ సంచి తియ్యాలన్నరంట. ఆమెకు జెప్పు" అంది.

ఆదివారం వెళ్తున్నాను.